రెండు ఊటలు, ఒక వాక్యము

పఠింపవలసిన భాగములు: ఆదికాండము 1:26–31, యోహాను 1:1–18, అపొస్తలుల కార్యములు 17:16–34

విశాఖపట్నమునుండి అండమాను ద్వీపములకు పోవు ఓడ బంగాళాఖాతముమీద రెండు మూడు రాత్రులు గడిపి రేవు చేరును. ఈ మార్గముననే ఉత్తర కోస్తా జిల్లాలనుండి ఎన్నియో తెలుగు కుటుంబములు పని వెదకికొనుచు వెళ్లి అక్కడ స్థిరపడినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ ద్వీపవాసులలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్ పట్టణములో తెలుగు వాక్యము చదువు విశ్వాసులు అనేకులు కలరు.

అచ్చటికి వెళ్లిన తెలుగు క్రైస్తవునికి రెండు సంగతులు ఎదురగును. ఒకదానిని కన్నులార చూచును. అది 1896లో ఆరంభింపబడి 1906లో ముగింపబడిన సెల్యులార్ జైలు. రెండవదానిని గూర్చి వినును. పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణముగా సుమారు 270 కిలోమీటర్ల దూరమున కార్ నికోబారు అను ద్వీపము కలదు. అది ఆదిమజాతుల రక్షిత ప్రాంతమగుటచే అనుమతి లేనిదే పైవారు అక్కడ అడుగిడరాదు. ఆ ద్వీపజనులలో అత్యధికులు క్రీస్తును నమ్మినవారు. వారు తమ సొంత భాషలో బైబిలు చదివికొందురు.

చెరసాలయు బైబిలును, రెండును పాశ్చాత్యుల పరిపాలనకాలమున ఆ ద్వీపములకు చేరినవే. ఒకే ఊటనుండి తియ్యని నీరును చేదు నీరును రాగలవా అని యాకోబు అడిగిన ప్రశ్న (యాకోబు 3:11) ఇక్కడ మన మనస్సునకు రాకమానదు. మరియొక ప్రశ్నయు కలదు. కళాశాలలకు పోవు మన యౌవనస్థులు, మీది తెల్లవారి మతము గదా అను మాట తరచుగా వినుచున్నారు. కొందరు సిగ్గుపడి ఊరకుందురు, కొందరు కోపపడుదురు. ఉత్తరమిచ్చువారు కొద్దిమంది. తెల్లవారికి వారి తలంపులు ఎక్కడనుండి వచ్చినవో తెలిసికొన్నచో ఆ రెండు ప్రశ్నలకును జవాబు దొరకును. ఈ పాఠము ఉద్దేశము అదియే.

1. యెరూషలేము ఊట: మాటలాడు దేవుడు

హెబ్రీయులు ఐగుప్తు, అష్షూరు, బబులోను అను మహారాజ్యముల నడుమ నలిగిన చిన్న జాతి. లోకము ఆశ్చర్యపడదగిన కోటలనుగాని గోపురములనుగాని వారు విడిచిపోలేదు. వారు విడిచిపోయినది ఒక గ్రంథము. ఆ గ్రంథమునుండి పాశ్చాత్య లోకము నాలుగు గొప్ప సంగతులను నేర్చుకొనెను.

మొదటిది, సృష్టికర్త వేరు, సృష్టి వేరు. బబులోనువారు సూర్యచంద్రులను పూజించుచుండగా, ఆదికాండము మొదటి అధ్యాయము వాటిని పేరుపెట్టియైనను పిలువక, పగటికొకటి రాత్రికొకటిగా ఉంచబడిన దీపములవలె చూపుచున్నది. సృష్టి దేవత కాదు గనుక దానికి భయపడనక్కరలేదు; మంచిదని దేవుడే చెప్పెను గనుక దానిని తృణీకరింపరాదు.

రెండవది, కాలమునకు గమ్యము కలదు. హెబ్రీయులు తమ దేవుని ప్రధానముగా ఒక సంఘటనచేత ఎరిగిరి. బానిసలుగా ఉన్న తమను ఆయన విడిపించెను. జరిగినది జ్ఞాపకము చేసికొని, జరుగబోవుదానికొరకు నిరీక్షించుట వారి భక్తి.

మూడవది, రాజు ధర్మశాస్త్రమునకు లోబడినవాడు. ఇశ్రాయేలు రాజు ధర్మశాస్త్రపు ప్రతిని తనకొరకు వ్రాసికొని దినదినము చదువవలెను (ద్వితీ. 17:18–19). దావీదును అతని నగరులోనే నాతాను ప్రవక్త గద్దించెను. ఒక ద్రాక్షతోట నిమిత్తము ఏలీయా అహాబును ఎదిరించెను.

నాలుగవది, ప్రతి మానవుడును దేవుని స్వరూపమందు సృజింపబడినవాడు. అందుచేతనే విశ్రాంతిదినము యజమానునికి మాత్రమేగాక దాసునికి, దాసికి, పరదేశికి, ఎద్దునకు సహితము ఇయ్యబడినది (ద్వితీ. 5:14). రోమా తత్వవేత్తయగు సెనెకా ఈ ఆచారమును ఎగతాళి చేసి, యూదులు బ్రదుకులో ఏడవవంతు సోమరితనమున పోగొట్టుకొనుచున్నారని అభిప్రాయపడెను. నేడు లోకమంతట పనివారు వారమునకొక దినము సెలవు పొందుచున్నారు. సెనెకా మాట నిలువలేదు, మోషే మాట నిలిచినది.

హెబ్రీ భాషలో దాబార్ అను పదము కలదు. దానికి మాట అనియు, కార్యము అనియు అర్థమే. దేవుడు పలికిన మాట జరిగి తీరవలసినదే. తెలుగువారికి ఇది వింత కాదు. మాట ఇచ్చుట, మాట నిలుపుకొనుట, మాట తప్పుట అని మనము చెప్పుకొనునప్పుడు మాట అనగా శబ్దము మాత్రమే కాదు. మనిషియే ఆ మాటలో ఉన్నాడు.

2. ఏథెన్సు ఊట: ప్రశ్నించు మానవుడు

పౌలు ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెప్పిన మిలేతు పట్టణమును మనము ఎరుగుదుము. క్రీ.పూ. 6వ శతాబ్దమున ఆ పట్టణములోనే థేలీస్ అను గ్రీకు పండితుడు, సమస్తమునకు మూలపదార్థమేది అని అడిగెను. నీరు అని అతడు చెప్పిన జవాబు నిలువలేదు. ఆ ప్రశ్న నిలిచినది. కథలతో తృప్తిపడక కారణము వెదకుట అచ్చట మొదలాయెను.

ఏథెన్సులో సోక్రటీసు ఎదురైనవారినెల్ల ప్రశ్నించుచు, న్యాయమనగా నేమి, ధైర్యమనగా నేమి అని అడుగుచు తిరిగి, క్రీ.పూ. 399లో మరణశిక్ష పొందెను. అతని శిష్యుడు ప్లేటో. ప్లేటో శిష్యుడు అరిస్టాటిల్. క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడు రేఖాగణితమును క్రమపరచి, చెప్పినవాడు ఎంత గొప్పవాడైనను నిరూపణ లేనిదే ఒప్పుకొనరాదని లోకమునకు నేర్పెను. నేడు మన పిల్లలు బడిలో త్రిభుజములను గూర్చి వ్రాయు నిరూపణలు ఆ మార్గములోనివే.

గ్రీకువారికిని ఒక గొప్ప పదము కలదు. అది లోగోస్. మాట, లెక్క, హేతువు, క్రమము అని దానికి అనేకార్థములు. క్రీ.పూ. 500 ప్రాంతమున ఎఫెసు పట్టణస్థుడైన హెరాక్లీటస్, మారుచుండు ఈ లోకమున మారని క్రమమొకటి కలదని చెప్పుటకు ఈ పదమునే వాడెను. తరువాత వచ్చిన స్తోయికులు విశ్వమంతటిని నడిపించు బుద్ధికి ఆ పేరే పెట్టి, ఆ బుద్ధిలో మనుష్యులందరికి పాలు కలదనిరి. ఇది గొప్ప తలంపు.

అయినను ఆ ఊటకు కొరతలు కలవు. ప్లేటో సంప్రదాయములో శరీరము ఆత్మకు చెరసాలవంటిది. అరిస్టాటిల్ చెప్పిన దేవుడు తన్నుగూర్చి తానే ధ్యానించుచుండునుగాని లోకపు మొర వినడు. కొందరు పుట్టుకతోనే బానిసలగుటకు తగినవారని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథములో వాదించెను. ఐగుప్తులో బానిసల మొర విన్న దేవుడు (నిర్గమ. 3:7) అతనికి తెలియడు.

3. అలెక్సంద్రియ: రెండు ఊటలు కలిసిన చోటు

క్రీ.పూ. 331లో అలెగ్జాండరు ఐగుప్తు సముద్రతీరమున తన పేర ఒక పట్టణమును స్థాపించెను. కాలక్రమమున అక్కడ యూదులు విస్తరించిరి. కొన్ని తరములు గడచినప్పటికి వారి పిల్లలకు హెబ్రీ రాకపోయెను. మాతృభూమిని విడిచిన ప్రతి జనమునకు కలుగు కష్టమే ఇది. ద్వీపములలోను పరరాష్ట్రములలోను పెరుగుచున్న తెలుగు పిల్లల తలిదండ్రులకు దీనిని వివరింపనక్కరలేదు. కాబట్టి క్రీ.పూ. 3వ శతాబ్దమున మోషే గ్రంథములు గ్రీకు భాషలోనికి మార్చబడెను. తరువాత తక్కిన గ్రంథములును చేరి, అది డెబ్బదిమంది అనువాదమని ప్రసిద్ధి పొందెను.

భాష మారినప్పుడు తలంపులును కొంత మారును. హెబ్రీలో తోరా అనగా ఉపదేశము, తండ్రి కుమారునికి చూపు త్రోవ. గ్రీకులో దానికి నొమోస్ అను పదము వాడబడెను. అది చట్టము అనునట్టి పదము. మండుచున్న పొదయొద్ద దేవుడు తన పేరు చెప్పినప్పుడు (నిర్గమ. 3:14) హెబ్రీ పలుకులో, నీకు తోడైయుందునను వాగ్దానపు ధ్వని కలదు, రెండు వచనములకు ముందు అదే క్రియాపదము తోడైయుండుటను గూర్చి వాడబడినది. గ్రీకు అనువాదములో ఆ పేరు, ఉన్నవాడు అను అర్థము వచ్చునట్లు వ్రాయబడెను. తోడుండు దేవుని గూర్చిన మాట, నిత్యముగా ఉండువాని గూర్చిన తత్వవిచారమునకు ద్వారమాయెను. పాశ్చాత్య వేదాంతము వందల సంవత్సరములు ఆ ద్వారముగుండ నడచెను.

యేసుక్రీస్తు కాలమువాడైన ఫిలో అను యూదుడు ఆ పట్టణములోనే జీవించి, మోషేకును ప్లేటోకును పొత్తు కుదుర్చుటకు తన ఆయుష్కాలమంతయు పాటుపడెను. దేవుడు లోకమును సృజించుటకు సాధనమైనది లోగోస్ అని అతడు బోధించెను. దాబారును లోగోసును ఇట్లు ఒకదానినొకటి ఎదుర్కొనినవి.

4. ఎఫెసు: వాక్యము శరీరధారియగుట

నాలుగవ సువార్త ఎఫెసులో వ్రాయబడెనని ప్రాచీన సంఘము చెప్పుచు వచ్చినది. హెరాక్లీటస్ లోగోస్‌ను గూర్చి పలికిన పట్టణములోనే, సుమారు ఆరు వందల సంవత్సరముల తరువాత, యూదుడైన యోహాను ఆ పదముతోనే తన గ్రంథమును ప్రారంభించెను. ఆదికాండపు మొదటి పలుకును గ్రీకువారి గొప్ప పదమును ఒకే వాక్యములో చేర్చెను. యూదుడు చదివినను గ్రీసు దేశస్థుడు చదివినను, ఇది మాకు తెలిసినదే అని తల ఊపును. పదునాలుగవ వచనమునకు వచ్చువరకే ఆ తల ఊపుట. ఆ వాక్యము రక్తమాంసములు ధరించి మన నడుమ కాపురముండెనని అక్కడ చెప్పబడినది. ఫిలో ఆ మాట చెప్పలేదు. ప్లేటో శిష్యుడు విన్నచో చెవులు మూసికొనును.

పౌలు అనుభవమును అట్టిదే. ఏథెన్సులో అతడు కిలికియ దేశస్థుడగు అరాటస్ అను కవి పలుకును ఎత్తి చూపి మాటలాడెను. అంతవరకు వారు వినిరి. మృతుల పునరుత్థానము అనగానే కొందరు అపహాస్యము చేసిరి. శరీరమునుండి విడుదల కోరువారికి శరీరము తిరిగి లేచుట శుభవార్తగా తోచునా?

తరువాతి తరములలో సంఘము ఈ విషయమై ఏకాభిప్రాయముతో లేదు. క్రీ.శ. 200 ప్రాంతమున కార్తేజీలో టెర్టూలియన్, ఏథెన్సుకు యెరూషలేముతో పనియేమి అని అడిగెను. అదే కాలమున అలెక్సంద్రియలో క్లెమెంతు, యూదులకు ధర్మశాస్త్రమెట్లో గ్రీకులకు తత్వజ్ఞానము అట్లే క్రీస్తునొద్దకు నడుపు ఉపాధ్యాయుడనెను. ఈ భేదమును తన హృదయములోనే ఎరిగినవాడు అగస్టీను (354–430). ప్లేటో మార్గస్థుల గ్రంథములలో దేవునియొద్దనున్న వాక్యమును గూర్చిన బోధ తనకు కనబడినదిగాని, ఆ వాక్యము తన్ను తాను తగ్గించుకొని శరీరధారియైన సంగతి వాటిలో దొరకలేదని అతడు తన ఒప్పుకోలు గ్రంథము ఏడవ భాగములో సాక్ష్యమిచ్చెను. రెండు ఊటల కలయికను ఇంతకంటె స్పష్టముగా కొలిచిన మాట లేదు.

5. తూర్పునుండి పడమరకు

యెరూషలేము ఆసియాలోనిది. హెరాక్లీటస్ ఎఫెసును థేలీసు మిలేతును ఆసియా తీరముననే ఉన్నవి. అలెక్సంద్రియ, కార్తేజీ, అగస్టీను బిషప్పుగా నున్న హిప్పో, ఇవి ఆఫ్రికాలోనివి. ఐరోపా పడమటి దేశములు అరిస్టాటిల్ గ్రంథములలో పెక్కింటిని శతాబ్దముల తరబడి ఎరుగకనే యుండెను. 9వ శతాబ్దమున బాగ్దాదులో హునైన్ ఇబ్న్ ఇస్హాక్ అను క్రైస్తవ వైద్యుడును అతని సహచరులును గ్రీకు శాస్త్రగ్రంథములను సిరియా, అరబ్బీ భాషలలోనికి తెచ్చిరి. ముస్లిము పండితులు వాటిని వ్యాఖ్యానించిరి. 12వ శతాబ్దమున స్పెయిను దేశపు తొలేదో పట్టణములో అవి లాటిను భాషలోనికి మార్చబడెను. తామస్ అక్వినాసు (1225–1274) అరిస్టాటిల్‌ను అభ్యసించుచు, యూదుడైన మైమోనిడీసును రబ్బీ మోషేయని పేర్కొని, అతని వాదములను అనేక పర్యాయములు ఎత్తి చూపెను. 1516లో ఎరాస్మసు గ్రీకు క్రొత్త నిబంధనను ప్రకటించెను. దానిని ఆధారము చేసికొనియే లూథరు జర్మను భాషలోనికి క్రొత్త నిబంధనను తెచ్చెను.

కాబట్టి పాశ్చాత్యులు ఈ ఊటలకు యజమానులు కారు. వారును మనవలె దూరమునుండి వచ్చి నీరు చేదుకొని త్రాగినవారే.

ఒక సంగతి మాత్రము సిగ్గుతో చెప్పుకొనవలెను. తల్లి పాలు త్రాగి రొమ్ము గ్రుద్దినట్లు, యూదుల గ్రంథమువలన బ్రదికిన క్రైస్తవ ఐరోపా యూదులను హింసించెను. 1290లో ఇంగ్లండునుండి, 1492లో స్పెయినునుండి వారు వెళ్లగొట్టబడిరి. సంస్కర్తయగు లూథరు సైతము 1543లో వారిని దూషించుచు గ్రంథము వ్రాసెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నాజీలు సుమారు 60 లక్షలమంది యూదులను చంపిరి. తత్వజ్ఞానము మిక్కిలి వర్ధిల్లిన దేశములోనే ఈ ఘోరమునకు ఆలోచన జరిగెను. జ్ఞానము ఎంతైనను, దేవుని స్వరూపమును పొరుగువానియందు గుర్తింపనిచో ఆ జ్ఞానము కాపాడలేదు.

6. ద్వీపములలో రెండు ఫలములు

ఇప్పుడు మనము ఓడ దిగిన చోటికి తిరిగి వత్తము.

1550–51లో స్పెయిను దేశమున వల్లదోలిద్ పట్టణములో ఒక వాదము జరిగెను. అమెరికా ఖండపు ఆదిమజనులు అరిస్టాటిల్ చెప్పిన స్వభావసిద్ధ బానిసలని సెపుల్వెదా అను పండితుడు వాదించెను. వారును సంపూర్ణ మానవులేయని లాస్ కాసాస్ అను బిషప్పు ఎదురు నిలిచెను. రెండు ఊటలు ముఖాముఖిగా పోరాడిన దినములవి. అయితే లేఖనమును చేతబట్టినవారందరు లాస్ కాసాస్ పక్షమున నిలువలేదనియు, బానిసత్వమును సమర్థించుటకు లేఖనమునే వాడినవారు కలరనియు మరువరాదు.

అండమానులో ఖైదీల వలస 1858లో స్థాపింపబడెను. అప్పటికి కొన్ని వేలమందిగా నున్న గ్రేట్ అండమానీ జాతులవారు, వలసతో వచ్చిన రోగములచేతను సంఘర్షణలచేతను క్షీణించి, నేడు కొద్ది పదులమంది మాత్రమే మిగిలియున్నారు. మన రంప మన్యమున 1879లో తిరుగబడినవారిలో కొందరును ఖైదీలుగా ఈ ద్వీపములకు పంపబడిరి.

తరువాత కట్టబడిన సెల్యులార్ జైలునకు నడుమ ఒక గోపురము, దానిచుట్టు చక్రపు ఆకులవలె ఏడు భుజములు. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క మనిషి. ఒక భుజపు ముఖము ఎదుటి భుజపు వీపునకు తిరిగియుండుటచే ఒక ఖైదీ మరియొక ఖైదీ ముఖమును చూడలేడు. రేఖాగణితము ఎంత చక్కగా వాడబడినదో గమనించుడి. ఇట్టి ఏకాంతవాసపు గదులకు చరిత్ర కలదు. 18వ శతాబ్దపు చివర అమెరికాలోని ఫిలడెల్ఫియాలో భక్తిగల సంస్కర్తలు, ఖైదీని ఏకాంతమున బైబిలుతో విడిచినచో అతడు పశ్చాత్తాపపడునని నమ్మి అట్టి గదులను ఏర్పరచిరి. పెనిటెన్షియరీ అను ఆంగ్లపదమునకు పశ్చాత్తాపస్థలమని అర్థము. 1842లో ఆ పట్టణపు చెరసాలను చూచిన చార్లెస్ డికెన్స్ అను రచయిత, ఆ ఒంటరితనము శరీరహింసకంటె క్రూరమని ఖండించెను. అండమానుకు వచ్చునప్పటికి పశ్చాత్తాపపు తలంపు వెనుకబడి, శిక్షను కఠినపరచుటయే ముందుకు వచ్చెను. దేశభక్తులు ఆ గదులలో నుండి, గానుగకు కట్టబడి నూనె తీసిరి.

ఆ భక్తిపరులు ఎక్కడ తప్పిరి? మన తెలుగు బైబిలులోని రెండు మాటలే దీనిని తేటపరచును. క్రొత్త నిబంధనలో మనము మారుమనస్సు అని చదువుదుము. అది మెటానోయియా అను గ్రీకు పదమునకు సరియైన తెలుగు. తలంపు మారుట దాని భావము. ప్రవక్తల గ్రంథములలో మనము తిరుగుట అను మాట చదువుదుము. అది షూబ్ అను హెబ్రీ పదము. త్రోవ తప్పినవాడు మరలి ఇంటికి నడచుట దాని భావము. ఒక మనిషి మనస్సు ఒంటరిగదిలో మారవచ్చును. తిరుగుట మాత్రము ఒంటరిగా జరుగదు. తిరుగువానికి ఎదురువచ్చు తండ్రి కావలెను, ప్రవేశించుటకు ఇల్లు కావలెను (లూకా 15:20). తలంపును మాత్రమే పట్టుకొని ఇంటిని మరచిన పశ్చాత్తాపము చెరసాలయైనది.

కార్ నికోబారు కథ వేరు. 19వ శతాబ్దపు చివర వేదప్పన్ సొలొమోను అను తమిళ ఉపదేశకుడు ఆ ద్వీపమందలి మూస్ గ్రామములో బడి పెట్టెను. 1884లో ఆ ద్వీపమున పుట్టిన జాన్ రిచర్డ్‌సన్, బర్మాలో మాండలే మిషను పాఠశాలలో చదివి, తిరిగి వచ్చి తనవారికి ఉపాధ్యాయుడాయెను. 1942–45 మధ్య జపానీయుల ఆక్రమణలో నికోబారువారు అనేకులు చంపబడిరి. అతడును చెరలో శ్రమలనుభవించెను. 1950లో బిషప్పుగా అభిషేకింపబడెను. 1952లో తొలి లోక్‌సభలో ఈ ద్వీపముల సభ్యుడాయెను. క్రొత్త నిబంధనను కార్ నికోబారు భాషలోనికి తెచ్చుట అతని ముఖ్యసేవలలో నొకటి. 1978లో మరణించెను.

ఆ ద్వీపమున తుహెత్ అను ఉమ్మడి కుటుంబపు ఏర్పాటు కలదు. తోటలు, పందులు, పని, తిండి తుహెత్ అంతటికిని చెందినవి. 2004 డిసెంబరు 26న సునామీ ఆ ద్వీపమును ధ్వంసము చేసినప్పుడు బ్రదికియున్నవారు ఆ బంధములను పట్టుకొనియే తిరిగి లేచిరి. 17వ శతాబ్దపు డెకార్టు మొదలు పాశ్చాత్య తత్వము ఒంటరిగా ఆలోచించు మనిషినే ప్రారంభస్థానముగా చేసికొనెను. తుహెత్‌లో పెరిగినవాడు యెహోషువ తన ఇంటివారితో కూడ దేవుని సేవింతుననుటను (యెహోషువ 24:15), ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారందరితో నమ్ముటను చదివినప్పుడు వ్యాఖ్యానము అడుగనక్కరలేదు. పడమటి పండితుడు పుస్తకములనుండి తిరిగి నేర్చుకొనవలసినదానిని ఆ ద్వీపవాసి తన ఇంటిలోనే ఎరుగును. వాక్యము అక్కడ గ్రీకు వేషముతోగాని ఆంగ్ల వేషముతోగాని మిగిలిపోలేదు. ఆ జనుల నాలుకమీద కాపురమాయెను.

7. మనకు పాఠము

మొదటిది, మీది తెల్లవారి మతమను మాటకు కోపపడవద్దు, సిగ్గుపడవద్దు. యూదునినుండి గ్రీకునకు, గ్రీకునుండి సిరియావానికి, లాటినువానికి, జర్మనునకు అనువాదముల మూలముగా నడచివచ్చిన వాక్యమే మనకును చేరినది. విశాఖపట్నములో అగస్టస్ డెగ్రాంజెస్ అను మిషనరీయు, ఆనందరాయరు అను తెలుగు విశ్వాసియు కూడి తర్జుమా చేసిన సువార్తలు 1812లో అచ్చుపడినవి. ఆ వరుసలో మనము వెనుకటివారముగాని అన్యులము కాము.

రెండవది, ప్రశ్నకు భయపడవద్దు. మన సంఘములలో కొందరు కొలొస్సయులకు 2:8 చూపి, పిల్లలు ప్రశ్న అడుగగానే నోరు మూయింతురు. పౌలు అక్కడ మోసకరమైన తత్వజ్ఞానమును నిషేధించెనుగాని ఆలోచనను కాదు. ఏథెన్సు సంతవీధిలో ప్రతిదినము తర్కించినవాడు అతడే. మూయబడిన నోటిలో ప్రశ్న చావదు. అది సంఘము విడిచి బయటికి పోవును, దానితోకూడ మన కుమారుడును పోవును.

మూడవది, జ్ఞానమును ఒక కొలతతో కొలువవలెను. అది మొర వినుచున్నదా? పొరుగువాని ముఖమును చూపుచున్నదా, మరుగు చేయుచున్నదా? భక్తియు ఈ కొలతకు లోబడవలసినదే. జైలు గోపురముమీద నిలిచినవాడు అందరిని చూచును, ఎవరితోను కలియడు. శరీరధారియైన వాక్యము గోపురమునుండి చూడలేదు, దిగివచ్చి మనతో నివసించెను. ఊట ఒకటే అయినను గోపురమునకు పోసినచో చేదగును, ఇంటికి తెచ్చినచో తియ్యనగును.

సెల్యులార్ జైలు ఏడు భుజములలో మూడే మిగిలి, 1979లో అది జాతీయ స్మారకముగా అంకితమాయెను. నేడు జనులు దానిని చూచి తలవంచి వెళ్లుదురు. కార్ నికోబారులో ఆదివారమున వాక్యము ఇప్పటికిని చదువబడుచున్నది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. హెబ్రీ దాబార్‌కును, గ్రీకు లోగోస్‌కును గల భేదమేమి? యోహాను 1:14 రెండింటికి ఏమి చేర్చుచున్నది?
2. ఏథెన్సులో పౌలు శ్రోతలు ఏ మాటవరకు సావధానముగా వినిరి? ఏ మాటయొద్ద నవ్విరి? ఎందుచేత?
3. మారుమనస్సు, తిరుగుట అను రెండు మాటలలో మన సంఘబోధ దేనిని ఎక్కువగా చెప్పుచున్నది? తప్పిపోయి తిరిగి వచ్చినవారికి మన సంఘములో ఇల్లు కలదా?
4. మీ ఇంటిలో పిల్లలు విశ్వాసమునుగూర్చి అడిగిన ప్రశ్నకు మీరు చివరిసారి ఇచ్చిన జవాబేమి?
5. మీరు మాట ఇచ్చి నిలుపుకొననిది ఏదైన కలదా? ఈ వారము దానిని ఎట్లు నెరవేర్చుదురు?